తక్కువ బడ్జెట్ గేమింగ్ పీసీ: విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనాలా, ప్రాసెసర్‌లో ఉన్నదే సరిపోతుందా?

ఇంటర్ అయిపోయింది, బీటెక్‌లోనో బీకామ్‌లోనో చేరాడు. చదువుకని ఇంట్లో కంప్యూటర్ కొందామంటున్నారు. పిల్లాడు మాత్రం "గ్రాఫిక్స్ కార్డు కూడా వేయించండి అబ్బా" అని పట్టుబడతాడు. షాపతను ఒక కాగితం మీద రెండు కొటేషన్లు రాసిస్తాడు. ఒకటి కార్డుతో, ఇంకొకటి కార్డు లేకుండా. రెండింటికీ తేడా పది, పదిహేను, ఒక్కోసారి ఇరవై వేల దాకా ఉంటుంది. చేపల వ్యాపారం, రొయ్యల గుంటల పని, చిన్న కిరాణా షాపు మీద బతికే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు.

నెల్లూరు, కావలి, కోట, ముత్తుకూరు వైపు నుంచి ఈ ప్రశ్న తరచూ వింటున్నాం. అందుకే ఏది ఎప్పుడు కొనాలి, ఎక్కడ మోసపోతాం, సముద్రం పక్కన ఉండేవాళ్లు ఏం చూసుకోవాలి అన్నది ఒకేచోట ఇస్తున్నాం.

ముందు మా సలహా రెండు ముక్కల్లో. మంచి కార్డుకు డబ్బు చాలకపోతే చౌక కార్డు జోలికి పోవద్దు. మంచి ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ తీసుకుని, రేపు కార్డు పెట్టుకోవడానికి దారి ఉంచుకోండి. ఇలా ఎందుకంటున్నామో కింద చదవండి.

రెండింటికీ తేడా ఏంటి?

ఆట నడుస్తున్నప్పుడు స్క్రీన్ మీద బొమ్మ కదులుతున్నట్టు కనపడాలంటే సెకనుకు 30, 60 లేదా అంతకంటే ఎక్కువ బొమ్మలు గీయాలి. వీటినే ఫ్రేమ్స్ అంటాం, లెక్కను ఎఫ్‌పీఎస్ అంటాం. ఈ గీసే పని గ్రాఫిక్స్ చిప్‌ది.

ఆ చిప్ ప్రాసెసర్ లోపలే ఉంటే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్. షాపుల్లో దీన్ని ఆన్‌బోర్డ్ అని కూడా అంటారు. దీనికి సొంత మెమరీ ఉండదు, కంప్యూటర్ ర్యామ్‌లోంచే వాటా తీసుకుంటుంది. 8 జీబీ ర్యామ్ ఉంటే అందులో ఒకటి, రెండు జీబీ దానికే పోతుంది. మిగిలిందే విండోస్‌కూ ఆటకూ.

విడి కార్డుకు సొంత చిప్, సొంత మెమరీ, సొంత ఫ్యాను ఉంటాయి. మదర్‌బోర్డు మీద స్లాట్‌లో కూర్చుంటుంది. వేగం ఎక్కువ, అలాగే ధర, కరెంటు, వేడి కూడా ఎక్కువే.

అసలు తేడా మెమరీ వేగంలో ఉంది

చాలామంది కార్డు ఎన్ని జీబీ అని మాత్రమే అడుగుతారు. దానికంటే ముందు అడగాల్సింది మెమరీ ఎంత వేగంగా డేటా అందిస్తుందని.

డీడీఆర్4 3200 ర్యామ్ ఒక్క స్టిక్ పెడితే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ అందుతుంది. అదే ర్యామ్‌ను రెండు స్టిక్కులుగా డ్యుయల్ చానల్‌లో పెడితే 51.2 జీబీ. ఇక జీటీఎక్స్ 1650 లాంటి చిన్న కార్డులో దాని సొంత మెమరీ వేగమే 128 జీబీ. ఆర్‌ఎక్స్ 6600లో 224 జీబీ. పైగా ర్యామ్ వేగాన్ని ప్రాసెసర్, గ్రాఫిక్స్ ఇద్దరూ పంచుకోవాలి.

దీన్నిబట్టి ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. కార్డు లేకుండా కొనేవాళ్లు 16 జీబీ ర్యామ్‌ను ఒకే స్టిక్‌గా తీసుకోకూడదు. 8 జీబీ చొప్పున రెండు తీసుకోవాలి. చాలా షాపుల్లో "తర్వాత ఇంకోటి వేసుకుందువులే" అని ఒక్కటే పెట్టి ఇచ్చేస్తారు. ఆఫీసు పనికైతే తేడా తెలియదు, ఆటలో మాత్రం బాగా తెలుస్తుంది. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేయించడం కూడా మర్చిపోవద్దు. లేకపోతే 3200 ర్యామ్ తక్కువ వేగంతోనే నడుస్తూ ఉంటుంది.

ఇంటెల్ ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఇది మరీ స్పష్టం. ర్యామ్ ఒకే చానల్‌లో ఉంటే విండోస్‌లో దాని పేరు ఐరిస్ ఎక్స్‌ఈ అని కాకుండా మామూలు యూహెచ్‌డీ అని చూపిస్తుంది. రెండో స్టిక్ వేస్తే పేరు మారుతుంది, వేగం కూడా పెరుగుతుంది.

ముందు ఆట పేరు చెప్పండి

కార్డు కావాలా వద్దా అనేది మీరు ఆడే ఆటను బట్టి ఉంటుంది. మూడు రకాలుగా చూడొచ్చు.

మొదటిది, తేలిక ఆటలు. వాలొరాంట్, మైన్‌క్రాఫ్ట్, పాత క్రికెట్ ఆటలు ఇందులోకి వస్తాయి. వాలొరాంట్‌కు కనీస అవసరంగా ఆ కంపెనీయే ఇంటెల్ హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్, 4 జీబీ ర్యామ్ అని రాసింది. అది 2012 నాటి గ్రాఫిక్స్. అంటే ఇప్పటి మంచి ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ దీనికి ధారాళంగా చాలు. విండోస్ 11లో మాత్రం టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండాలి. లేకపోతే ఆట తెరుచుకోదు, తప్పు గ్రాఫిక్స్‌ది కాదు.

రెండోది, మధ్యరకం. జీటీఏ 5, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి. రెండు స్టిక్కుల ర్యామ్ పెట్టి, సెట్టింగ్స్ తగ్గించుకుంటే రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్ మీద ఇవి ఆడుకోవచ్చు.

మూడోది, బరువైన ఆటలు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2, సైబర్‌పంక్ 2077, ఏటా వచ్చే కొత్త పెద్ద ఆటలు. ఇంటిగ్రేటెడ్ మీద ఇవి మొదలవుతాయి గానీ, బొమ్మ నాణ్యత బాగా తగ్గించినా 30 ఫ్రేమ్‌ల చుట్టూ తిరుగుతుంటాయి. ఇవే ఆడాలంటే కార్డు తప్పదు.

మానిటర్ కూడా లెక్కలోకి వస్తుంది. ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ అంటే 1920 బై 1080, దాదాపు 20.7 లక్షల చుక్కలు. 720పీ అంటే 9.2 లక్షల చుక్కలు. ఆటను 720పీకి తగ్గిస్తే గ్రాఫిక్స్ గీయాల్సిన చుక్కలు సగానికి తక్కువ అవుతాయి. ఏఎండీ ఎఫ్‌ఎస్‌ఆర్ అనే పద్ధతి తక్కువ చుక్కలతో గీసి స్క్రీన్‌కు తగ్గట్టు పెంచి చూపిస్తుంది. ఎన్విడియా డీఎల్‌ఎస్‌ఎస్‌కు ఆర్‌టీఎక్స్ కార్డు ఉండాలి. ఎఫ్‌ఎస్‌ఆర్ పాత వెర్షన్లకు ఆ షరతు లేదు, ఇంటిగ్రేటెడ్ మీద కూడా పనిచేస్తాయి.

ప్రాసెసర్ పేరులో ఒక్క అక్షరం చూడండి

ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తింటున్నారు. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ అని ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టే. ఐ3 12100ఎఫ్, ఐ5 12400ఎఫ్ ఇలాంటివే. ధర కాస్త తక్కువని తెచ్చుకుని కార్డు పెట్టకపోతే మానిటర్‌లో బొమ్మే రాదు. కార్డు చెడిపోయి సర్వీసుకు పంపినా అంతే, అది తిరిగొచ్చేదాకా కంప్యూటర్ మూలన పడి ఉండాల్సిందే. చదువుకు అదే దిక్కైన ఇంట్లో ఇది చిన్న కష్టం కాదు.

ఎఫ్ లేని 12100, 12400లలో యూహెచ్‌డీ 730 ఉంటుంది. ట్యాలీ, ఎక్సెల్, ఆన్‌లైన్ క్లాసులు, తేలిక ఆటలకు పర్వాలేదు. అంతకుమించి ఆశపడకూడదు.

ఏఎండీలో ఏఎం4 బోర్డుల మీద పేరు చివర జీ ఉంటేనే లోపల గ్రాఫిక్స్ ఉన్నట్టు (5600జీటీ కూడా అంతే). 5600, 5600ఎక్స్‌లలో లేదు, 5600జీలో వేగా 7 ఉంది. ఇది ఇంటెల్ యూహెచ్‌డీ 730 కంటే ఆటల్లో మెరుగు. 2024 జనవరి ఆఖరున వచ్చిన 8600జీలో రేడియన్ 760ఎం, 8700జీలో రేడియన్ 780ఎం ఉన్నాయి. 780ఎం ఇంచుమించు పాత జీటీఎక్స్ 1050 టీఐ స్థాయిలో నడుస్తుంది. కానీ వీటికి డీడీఆర్5 ర్యామ్, ఏఎం5 బోర్డు కావాలి. రైజెన్ 7600 లాంటి వాటిలోనూ చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది, అది స్క్రీన్ మీద బొమ్మ రావడానికే గానీ ఆటలకు కాదు.

ఒక హెచ్చరిక. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అందుకే 8700జీతో పాటు వేగం ఎక్కువున్న డీడీఆర్5 రెండు స్టిక్కులు తీసుకుంటే మొత్తం ఖర్చు ఒక్కోసారి మామూలు ప్రాసెసర్, మంచి కార్డు కలిపిన ధరకు చేరిపోతుంది. రెండు కొటేషన్లూ పక్కపక్కన పెట్టి కూడండి. అలా అయితే కార్డే మేలు.

కార్డు కొనేట్లయితే ఏది?

చౌకగా దొరికే జీటీ 710, జీటీ 730 గేమింగ్ కార్డులు కావు. డీడీఆర్3 మెమరీ ఉన్న జీటీ 730 కంటే 5600జీలో ఉన్న వేగా 7 మేలు. పైగా జీటీ 710, 730 మోడళ్లలో ఎక్కువగా వాడిన కెప్లర్ చిప్‌లకు ఎన్విడియా 2021లోనే కొత్త ఆటల డ్రైవర్లు ఆపేసింది. జీటీ 1030 విషయంలోనూ జాగ్రత్త. అదే పేరుతో జీడీడీఆర్5 రకం, డీడీఆర్4 రకం రెండూ ఉన్నాయి. మొదటి దాని మెమరీ వేగం సెకనుకు 48 జీబీ, రెండో దానిది 17 జీబీ కూడా లేదు. డబ్బా మీద పేరొకటే, సరుకు వేరు.

జీటీఎక్స్ 1050 టీఐ ఒకప్పుడు మంచి కార్డు. 2016లో వచ్చింది. ఈ పాస్కల్ తరానికి కూడా ఎన్విడియా 2025 అక్టోబర్‌తో కొత్త ఆటల డ్రైవర్లు ఆపి, భద్రత అప్‌డేట్లకే పరిమితం చేసింది. ఉన్నవాళ్లు వాడుకోవచ్చు, ఇప్పుడు డబ్బు పెట్టి కొనడం దండగ.

ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీలో ఇంకో మెలిక ఉంది. దీనికి 4 జీబీ మెమరీ, నాలుగు పీసీఐఈ లేన్‌లే ఉన్నాయి. పీసీఐఈ 4.0 బోర్డులో సరే. 5600జీ మాత్రం పీసీఐఈ 3.0 వరకే ఇస్తుంది. ఆ రెండింటినీ జత చేస్తే, మెమరీ నిండిన ఆటల్లో కార్డు వేగం ఇంకా పడిపోతుంది. 5600జీ కొన్నవాళ్లు రేపు దీన్ని వేసుకుందామని అనుకోవద్దు.

కొనదగ్గవి రెండు చెప్తాం. ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ రకం 70 వాట్లకే పనిచేస్తుంది, చాలా మోడళ్లకు విడిగా పవర్ వైరు కూడా అక్కర్లేదు. పాత కంప్యూటర్‌లో పెట్టుకోవడానికి ఇది అనువు. 8 జీబీ 3050 వేరు, దాని వేగం ఎక్కువ, కరెంటు 130 వాట్లు. బిల్లు మీద ఏది రాశారో చూడండి. ఆర్‌ఎక్స్ 6600 8 జీబీ అయితే ఫుల్ హెచ్‌డీలో చాలా ఆటలు బాగా నడుస్తాయి. 132 వాట్లు తీసుకుంటుంది కాబట్టి మంచి ఎస్ఎంపీఎస్ కావాలి. బడ్జెట్ గేమింగ్‌కు కార్డు అంటే ఇంచుమించు ఈ స్థాయి నుంచే మొదలు.

కార్డు పెట్టించాక మానిటర్ వైరు కార్డుకే గుచ్చాలి, మదర్‌బోర్డుకు కాదు. నవ్వుకోవద్దు. కార్డు కొని, నెలల తరబడి ఇంటిగ్రేటెడ్ మీదే ఆడినవాళ్లు ఉన్నారు.

సెకండ్ హ్యాండ్: మా ఇంట్లో జరిగింది

2021లో క్రిప్టో మైనింగ్ వల్ల కార్డుల ధరలు ఆకాశంలో ఉన్నాయి. అప్పుడే మా తమ్ముడి కోసం ఒక సెకండ్ హ్యాండ్ కార్డు తీసుకున్నా. బీకామ్ చదివినవాణ్ని, ఊరందరికీ బిల్లు అడగమని చెప్పేవాణ్ని. కానీ ఆ రోజు రేటు తక్కువని నగదు ఇచ్చి బిల్లు లేకుండానే తెచ్చేశా. నాలుగో నెలలో స్క్రీన్ మీద రంగు గీతలు వచ్చాయి, ఆ తర్వాత బొమ్మే ఆగిపోయింది. విప్పి చూపిస్తే స్క్రూల చుట్టూ తుప్పు, చిప్ పక్కన పచ్చటి మరక. మెకానిక్ "భాయ్, ఇది ఎక్కడో ఉప్పు గాలిలో చాన్నాళ్లు ఉన్న కార్డు" అన్నాడు. అమ్మినాయన ఫోన్ ఎత్తలేదు. బిల్లు లేదు, వారంటీ లేదు, నేను అడగడానికి కాగితం లేదు. అమ్మీ కుట్టుపని డబ్బులు కూడా కలిపి కొన్న కార్డు అది.

ఇథీరియం 2022 సెప్టెంబర్ 15న కార్డులతో మైనింగ్ అవసరం లేని పద్ధతికి మారింది. ఆ తర్వాత మైనింగ్‌లో రాత్రింబవళ్లు నడిచిన కార్డులు సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి చాలా వచ్చాయి. ఇప్పటికీ తిరుగుతున్నాయి. కొనేటప్పుడు ఇవి చూడండి:

- అసలు బిల్లు, సీరియల్ నంబర్ ఉండాలి. వారంటీ ఎంత మిగిలిందో కంపెనీ సైట్‌లో సీరియల్ నంబర్‌తో చూసుకోవాలి.
- స్క్రూలు, హెచ్‌డీఎంఐ పోర్టు, వెనక ఇనుప పట్టీ మీద తుప్పు ఉంటే తీసుకోవద్దు.
- జీపీయూ జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చిప్ పేరు పరీక్షించండి. పాత చిప్‌కు బయోస్ మార్చి 1050 టీఐ అని అమ్మిన నకిలీలు వచ్చాయి.
- మీ ఎదుటే అరగంట ఆట నడిపించి చూపించమనండి. ఒప్పుకోకపోతే వచ్చేయండి.

కొత్తవి కొనడానికి మనవాళ్లు చాలామంది రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోతుంటారు. నెల్లూరు నుంచి సుమారు 175 కిలోమీటర్లు. రేటు తగ్గొచ్చు, రకాలు ఎక్కువ దొరుకుతాయి. కానీ రిపేరు వస్తే మళ్లీ అక్కడికే పోవాలా, నెల్లూరులో ఇవ్వొచ్చా అని ముందే అడగండి. జీఎస్టీ బిల్లు లేకుండా ఇస్తే 18 శాతం తగ్గుతుందని ఎవరైనా చెబితే, తగ్గేది పన్ను ఒక్కటే కాదు, మీ హక్కు కూడా పోతుంది.

సముద్రం పక్కన ఉండేవాళ్లకు

మైపాడు, కోడూరు, జువ్వలదిన్నె, తూపిలిపాళెం లాంటి చోట్ల గాలిలోనే ఉప్పు ఉంటుంది. ఉప్పు, తేమ కలిస్తే ఇనుము తుప్పు పడుతుంది, రాగి పచ్చబడుతుంది. కార్డు ఫ్యాన్లు ఆ గాలినే లోపలికి లాగుతాయి. చాలా కంపెనీల వారంటీ షరతుల్లో తుప్పు నష్టం రాదు. ఎక్కువ ఫ్యాన్లు, ఎక్కువ వేడి ఉన్న ఖరీదైన కార్డు ఇక్కడ ఎక్కువ సంరక్షణ అడుగుతుంది. ఇంటిగ్రేటెడ్‌కు ఉన్న ఒక మంచి గుణం ఇదే, పాడయ్యే భాగాలు తక్కువ.

క్యాబినెట్‌ను సముద్రం వైపు కిటికీకి దూరంగా పెట్టండి. నేల మీద కాకుండా బల్ల మీద ఉంచండి. వారాల తరబడి ఆపేసి ఉంచొద్దు, రెండు మూడు రోజులకోసారి కాసేపు నడిస్తే ఆ వెచ్చదనానికి తేమ ఆరుతుంది. రెండు మూడు నెలలకోసారి బ్లోయర్‌తో దుమ్ము తీయండి, తడిబట్ట వాడకండి.

కరెంటు సంగతి కూడా ఉంది. మనకు వానలు, తుపాన్లు ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వస్తాయి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన జిల్లా ఎలా తడిసిందో గుర్తుండే ఉంటుంది. అలాంటి రోజుల్లో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. తుపాను హెచ్చరిక వస్తే ప్లగ్ తీసేయండి. కార్డు ఉంటే యూపీఎస్ లెక్క మారుతుంది. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్ల దాకే. ఇంటిగ్రేటెడ్ పీసీకి అది హాయిగా చాలు. పెద్ద కార్డుతో ఆట మధ్యలో కరెంటు పోతే సేవ్ చేసుకునే టైమ్ కూడా తక్కువే దొరుకుతుంది. ఎర్తింగ్ లేని ఇంట్లో ముందు ఎర్తింగ్ చేయించి, తర్వాతే కార్డు గురించి ఆలోచించండి.

డబ్బు లెక్క ఇలా వేయండి

కరెంటు బిల్లు గురించి చాలామంది భయపడతారు. కార్డు అదనంగా 130 వాట్లు తీసుకుంటుందని, రోజూ మూడు గంటలు ఆడతారని అనుకుందాం. నెలకు 11.7 యూనిట్లు. యూనిట్ 6 రూపాయల చొప్పున దాదాపు 70 రూపాయలు. స్లాబ్ మారితే కాస్త పెరుగుతుంది. అసలు ఖర్చు కరెంటు కాదు, కార్డు ధరే.

రెండు కొటేషన్లకు తేడా 15 వేలు అనుకుందాం. మూడేళ్లు వాడి 5 వేలకు అమ్మితే అసలు ఖర్చు 10 వేలు. రోజూ రెండు గంటలు ఆడేవాడికి మూడేళ్లలో 2190 గంటలు, అంటే గంటకు నాలుగున్నర రూపాయలు. ఆదివారం మాత్రమే రెండు గంటలు ఆడేవాడికి 312 గంటలు, గంటకు 32 రూపాయలు. మీ అంకెలు పెట్టి ఇదే లెక్క వేసి, మీ ఊరి నెట్ సెంటర్ రేటుతో పోల్చి చూడండి. జవాబు అక్కడే దొరుకుతుంది.

"నో కాస్ట్ ఈఎంఐ" అన్నా పూర్తిగా ఉచితం కాదు. ప్రాసెసింగ్ ఫీజు, క్రెడిట్ కార్డు అయితే వడ్డీ భాగం మీద జీఎస్టీ పడతాయి. నగదుకు ఇచ్చే తగ్గింపు కూడా పోతుంది. వడ్డీకి దూరంగా ఉండేవాళ్లు మన ఇళ్లలో చాలామంది. వాళ్లకు రెండు విడతల పద్ధతి మేలు. ఇప్పుడు చేతిలో ఉన్న డబ్బుతో ఇంటిగ్రేటెడ్ పీసీ, ఏడాది కూడబెట్టి తర్వాత కార్డు.

ల్యాప్‌టాప్ అయితే?

ల్యాప్‌టాప్‌లో కార్డు తర్వాత వేసుకోవడం కుదరదు. ఏది కొంటే అదే. హాస్టల్‌లో ఉండేవాళ్లు, బరువైన ఆటలు కావాలనుకుంటే మొదట్లోనే కార్డు ఉన్నది తీసుకోవాలి. ఒక్క పేరు చూసి మోసపోవద్దు. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 3050ని కంపెనీలు 35 వాట్ల నుంచి 80 వాట్ల దాకా వేర్వేరుగా అమర్చాయి. వాట్లు తక్కువైతే వేగమూ తక్కువే. స్పెసిఫికేషన్‌లో టీజీపీ ఎంతో అడగండి. ఇంటిగ్రేటెడ్ ల్యాప్‌టాప్ అయితే రెండో ర్యామ్ స్లాట్ ఉందో లేదో చూడండి.

ఎవరికి ఏది?

- చదువు, ట్యాలీ, వాలొరాంట్, అప్పుడప్పుడు జీటీఏ: 5600జీ లాంటి ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ రెండు స్టిక్కులు. కార్డు వద్దు.
- ఇప్పుడు డబ్బు తక్కువ, రేపు పెద్ద ఆటలు ఆడాలి: అదే పీసీ, కానీ పేరున్న కంపెనీ 80 ప్లస్ ఎస్ఎంపీఎస్ 500 వాట్ల పైన, కార్డు పట్టేంత క్యాబినెట్ ఇప్పుడే తీసుకోండి. మళ్లీ మార్చే ఖర్చు తప్పుతుంది.
- రోజూ కొత్త, బరువైన ఆటలు, చేతిలో డబ్బుంది: ఆర్‌ఎక్స్ 6600 స్థాయి కార్డు. కుదిరితే ప్రాసెసర్ ఎఫ్ లేనిదే.
- ఇంట్లో ఇప్పటికే పాత పీసీ ఉంది: ముందు రెండో ర్యామ్ స్టిక్ వేసి చూడండి. చాలకపోతే 3050 6 జీబీ.
- చేతిలో ఉన్నది జీటీ 730కి సరిపోయేంతే: ఆ డబ్బు ర్యామ్‌కు పెట్టండి.

మా తమ్ముడు ఇప్పుడు 5600జీ మీదే ట్యాలీ నేర్చుకుంటూ, రాత్రి వాలొరాంట్ ఆడుతున్నాడు. కార్డు స్లాట్ ఖాళీగానే ఉంది. మొన్న అబ్బా అడిగారు, "ఇంకా అది కావాలా?" అని. "తొందరేం లేదు, ఈసారి బిల్లుతో కొందాం" అన్నాడు వాడు.